పాన్‌పోష్ క్రీడా వసతిగృహము



ఆట చదువును చెఱచునని మన పెద్దలలో ననేకుల యభిప్రాయము. బడిపంతులుగా నున్నపుడు నేనును అట్లే తలఁచి, యొకనాఁడు బిళ్ళంగోడాడు బాలుని కఱ్ఱను విఱిచితిని. మఱునాఁడతఁడు బడికి రాలేదు. నా తప్పును నాకుఁ దెలిపినది ఒడిస్సాలోని సుందర్‌గఢ్ జిల్లా చరిత్రము.

అచ్చటి గిరిజనుల పల్లెలలో హాకీ పండుగవంటిది. వెదురుకఱ్ఱలతో బాలురు ఆట నేర్తురు. పందెమున గెలిచిన జట్టునకు మేకపోతు బహుమానము. నేర్పునకుఁ గొఱఁత లేదు, చదువునకే కొఱఁత. 1985వ సంవత్సరమున ప్రభుత్వము రూర్కెలా చెంత పాన్‌పోష్‌లో క్రీడా వసతిగృహమును నెలకొల్పెను. ఆటయు, చదువును, అన్నమును, బసయు నొక్క యేర్పాటున నమరెను.

సౌనామారా గ్రామమున 1977లో జన్మించిన దిలీప్ తిర్కీ యచ్చటి విద్యార్థియే. అతఁడు 1996, 2000, 2004 ఒలింపిక్ క్రీడలలో నాడి, భారతజట్టునకు నాయకుఁడై, 2012లో రాజ్యసభ సభ్యుఁడయ్యెను. 2004లోఁ జేరిన అమిత్ రోహిదాస్ 2021లో టోక్యోనందును, 2024లో పారిస్‌నందును కంచుపతకము గెలిచిన జట్లలో నుండెను.

అయినను మైదానమున నొక జట్టునకుఁ బదునొకండుగురకే చోటు. తక్కిన బాలురకుఁ దుదకు మిగులునది చదువే. ఆట వారిని బడికిఁ దెచ్చును. చదువు వారిని బ్రదుకున నిలుపును.

కావున, పెద్దలారా, బాలుని చేతికఱ్ఱను విఱువకుఁడు. రెండవచేతికిఁ బుస్తకము నందిండు.