పాఠశాల వాకిట ప్రకటన: తెలుగు బోధనలో మాధ్యమ వివేకం – చారిత్రక పరిశీలన

ఉపోద్ఘాతం

'ప్రకటన' అంటే వెల్లడించడం. ఆధునిక వ్యవహారంలో ఈ మాట ఎక్కువగా వాణిజ్య ప్రకటనకు రూఢమైంది. వెల్లడించే మాటలోనే కొంత దాచిపెట్టడం కూడా చేరింది. వెల్లడైనదాన్నీ దాగినదాన్నీ విద్యార్థి వేరుచేసి చదవగలగడమే మాధ్యమ అక్షరాస్యత లక్ష్యం. 1982లో యునెస్కో ఆధ్వర్యంలో వెలువడిన గ్రూన్‌వాల్డ్ ప్రకటన ఈ విద్య అవసరాన్ని అంతర్జాతీయంగా గుర్తించింది. తెలుగు సమాజంలో వాణిజ్య ప్రకటన బడి దాకా చేరిన క్రమాన్నీ, దాన్ని చదవడానికి తెలుగు సాహిత్య బోధనలో ఉన్న సాధనాలనూ పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

పిలుపు, ప్రశస్తి, ఫలశ్రుతి

వాణిజ్య ప్రకటనకు ముందు కూడా తెలుగువారికి బహిరంగ ప్రకటనా రూపాలు ఉన్నాయి. దండోరా, చాటింపు వాటిలో ప్రసిద్ధమైనవి. నంద్యాల జిల్లా (పూర్వపు కర్నూలు జిల్లా) ఆళ్లగడ్డ మండలంలోని అహోబిలంలో మరొక రూపం నేటికీ సజీవంగా ఉంది. సంక్రాంతి వేళ మొదలయ్యే పారువేట ఉత్సవంలో నరసింహస్వామి ఉత్సవమూర్తులు నలభై రోజులకు పైగా చుట్టుపక్కల ముప్పైకి పైగా గ్రామాలలో సంచరిస్తాయి. చెంచులక్ష్మిని పెండ్లాడిన స్వామి తన కల్యాణానికి రమ్మని స్వయంగా ఊరూరా పిలవడానికి వస్తాడని జనుల విశ్వాసం. ఈ పిలుపులో పిలిచేవాడెవరో, ఎందుకు పిలుస్తున్నాడో వినేవారికి స్పష్టంగా తెలుసు.

సాహిత్యంలో దీనికి దగ్గరి రూపం క్షేత్రమాహాత్మ్యం. ఎర్రన నృసింహపురాణం అహోబల క్షేత్ర వైభవంతో ముడిపడిన కావ్యం. పురాణాల చివర వచ్చే ఫలశ్రుతి శ్రోతకు ఫలాన్ని వాగ్దానం చేస్తుంది. ఇటువంటి వాక్యాలను ఎలా చదవాలో మీమాంసకులు విచారించారు. కర్తవ్యాన్ని చెప్పేది విధి. దానివైపు మనసును మళ్లించడానికి చేసే స్తుతి అర్థవాదం. అర్థవాదాన్ని అక్షరార్థంలో తీసుకోక, అది దేనికి ప్రేరేపిస్తున్నదో చూడాలి. వాణిజ్య ప్రకటనకు కూడా ఈ పద్ధతి వర్తిస్తుంది. అందులోని 'కొనండి' అన్న విధి తరచు మాటల్లో కనిపించదు. స్తుతి మాత్రమే కనిపిస్తుంది.

పత్రిక నుంచి బడి దాకా

తెలుగు పత్రికారంగ చరిత్రను వాణిజ్య ప్రకటన నుంచి వేరు చేయలేము. కాశీనాథుని నాగేశ్వరరావు 1893లో బొంబాయిలో అమృతాంజనం వ్యాపారం ప్రారంభించారు. సంగీత సభల్లో దాన్ని ఉచితంగా పంచి ప్రచారం చేశారని ప్రసిద్ధి. ఆ వ్యాపారపు ఆదాయం 1908లో వారపత్రికగా పుట్టిన ఆంధ్రపత్రికకు, 1914లో మద్రాసు నుంచి వెలువడిన దినపత్రికకు, 1924లో ప్రారంభమైన 'భారతి'కి అండగా నిలిచింది. కనుక ప్రకటనను కేవలం దోషంగా చూడడం చరిత్రకు న్యాయం కాదు. పరిశోధకుడు అడగవలసింది ప్రకటన ఉండాలా వద్దా అని కాదు. అది ఎవరిని ఉద్దేశించింది, ఆ శ్రోతకు దాన్ని తూచే శక్తి ఉన్నదా అని.

పిల్లల పత్రికలతో ఈ ప్రశ్న తీవ్రమైంది. 1945లో 'బాల', 1947 జులైలో 'చందమామ' వెలువడ్డాయి. తరువాతి దశాబ్దాల్లో పిల్లల పత్రికల పుటల్లో మిఠాయిలు, బిస్కత్తులు, రంగుల ప్రకటనలు బొమ్మల కథల రూపం తొడుక్కున్నాయి. కథ ఎక్కడ ముగిసి సరుకు ఎక్కడ మొదలైందో పసి పాఠకుడికి తెలియడం కష్టం. 1976లో దూరదర్శన్ వాణిజ్య ప్రకటనలను అనుమతించింది. 1995లో తెలుగు ఉపగ్రహ చానళ్లు వచ్చాయి. ప్రకటన ఇంటి నడిమింట్లోకి చేరింది. నోటుపుస్తకాల అట్టలు, టైంటేబుల్ కార్డులు, పోటీల బహుమతుల ద్వారా బడిలోకీ వచ్చింది. అమెరికాలో 1990లో దేశవ్యాప్తంగా మొదలైన 'చానల్ వన్' దీనికి పరాకాష్ఠ. పాఠశాలలకు టీవీ పరికరాలిచ్చి, బదులుగా 12 నిమిషాల వార్తా కార్యక్రమంలో 2 నిమిషాల ప్రకటనలను తరగతిగదిలోనే చూపించింది.

బడే ప్రకటనగా మారిన దశ

ఆంధ్రదేశంలో పరిణామం మరో మలుపు తీసుకుంది. ఇక్కడ విద్యాసంస్థే ప్రకటనకర్త అయింది. 1983లో క్యాపిటేషన్ రుసుమును నిషేధిస్తూ చట్టం వచ్చాక, ప్రవేశపరీక్షలో వచ్చే ర్యాంకు వృత్తివిద్యకు ప్రధాన ద్వారమైంది. ర్యాంకుకు విలువ పెరిగినకొద్దీ ర్యాంకుల ప్రకటన పెరిగింది. ఫలితాల మరునాడు పత్రికల మొదటి పుటలు, కూడళ్లలోని హోర్డింగులు విద్యార్థుల ఫొటోలతో నిండడం పరిపాటి అయింది. విద్యార్థి ఏకకాలంలో శ్రోత, సరుకు, సాక్ష్యం అయ్యాడు. వానమీద ఆధారపడిన రాయలసీమ రైతు కుటుంబానికి ఆ ప్రకటన నమ్మడమంటే అప్పు చేసి రుసుము కట్టడం. కాబట్టి ఇది కేవలం అభిరుచికి సంబంధించిన విషయం కాదు.

ఈ ప్రకటనలను చదవడానికి అతిశయోక్తి అలంకారం ఒక్కటే చాలదు. వాటిలోని ప్రతి అంకెా నిజమే కావచ్చు. పరీక్ష రాసినవారెందరు, ర్యాంకు పొందిన విద్యార్థి అక్కడ ఎంతకాలం ఏ కోర్సు చదివాడు అన్నవి చెప్పకపోవడంలోనే మోసానికి చోటుంది. కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2024 నవంబరులో కోచింగ్ సంస్థలకు జారీ చేసిన మార్గదర్శకాలు సరిగ్గా ఈ మౌనాన్నే గురిపెట్టాయి. విజేత చదివిన కోర్సు పేరు, కాలవ్యవధి దాచకూడదని, ఎంపికైన తరువాతే అతని సమ్మతి తీసుకోవాలని నిర్దేశించాయి. ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ 2020 నిబంధనలు కొవ్వు, ఉప్పు, చక్కెర అధికంగా ఉన్న పదార్థాల అమ్మకాన్నీ ప్రచారాన్నీ బడి ఆవరణకు 50 మీటర్ల లోపల నిషేధించాయి. అయితే చట్టం గీసిన హద్దు గోడ మీది బొమ్మను ఆపగలదు గాని, చేతిలోని ఫోన్ తెరను ఆపలేదు.

తెలుగు తరగతి బాధ్యత

2005 జాతీయ విద్యాప్రణాళిక చట్రం ఆధారంగా ఎన్‌సీఈఆర్‌టీ రూపొందించిన 7వ తరగతి సాంఘికశాస్త్ర పుస్తకంలో ప్రకటనలపై ఒక పాఠం చేరింది. అది స్వాగతించదగినది. అయితే ప్రకటన ముందుగా భాషావ్యవహారం. దాని విశ్లేషణ భాషా తరగతికి సహజంగా చెందుతుంది. ఉన్నత పాఠశాలలో అలంకారాలు చెబుతారు. ఉదాహరణలు మాత్రం పద్యాలకే పరిమితమవుతాయి. ఆ పద్యాల పక్కన ఒక హోర్డింగు వాక్యాన్ని ఉంచి, వక్త ఎవరు, శ్రోత ఎవరు, ప్రయోజనం ఎవరిది, చెప్పనిదేమిటి అన్న నాలుగు ప్రశ్నలు వేయవచ్చు. కావ్యంలో చెప్పక విడిచినది సహృదయుడి ఊహకు అవకాశం. ప్రకటనలో చెప్పక విడిచినది తరచు కొనుగోలుదారు నష్టం. ధ్వనికీ దాపరికానికీ గల ఈ తేడాను చూపగలిగేది సాహిత్య ఉపాధ్యాయుడే.

ముగింపు

పారువేట పిలుపు నుంచి ర్యాంకుల హోర్డింగు దాకా సాగిన మార్పులో ముఖ్యమైనది వక్త కనుమరుగు కావడం. ఊరికి వచ్చి పిలిచేవారిని ఊరు తిరిగి ప్రశ్నించగలదు. హోర్డింగును ప్రశ్నించే అవకాశం లేదు. ఆ ప్రశ్నించే శక్తిని పాఠకుడిలోనే పెంపొందించాలి. అందుకు కావలసిన పరిభాష అర్థవాద విచారణ నుంచి అలంకారశాస్త్రం దాకా మన సంప్రదాయంలో ఉంది. పాఠ్యప్రణాళికలో దానికి సమకాలీన ఉదాహరణలు చేర్చడమే మిగిలిన పని.