ఎర్రనీటికి ఎదురీదే పులస

ఆషాఢంలో గోదావరికి ఎర్రనీరు తగిలిందంటే యానాం, అంతర్వేది రేవుల్లో ఒకటే ప్రశ్న: ‘పులస పడిందా?’ పడితే వేలం వేలల్లోనే. ‘పుస్తెలమ్మైనా పులస తినాలి’ అన్న సామెత ఊరికే పుట్టలేదు.

ఇది నిజానికి సముద్రపు చేప. ఉప్పునీటిలో ఉన్నన్నాళ్లూ విలస. వరద రాగానే గుడ్లు పెట్టడానికి గౌతమి, వశిష్ఠ పాయల్లోకి ఎక్కుతుంది. ఏటికి ఎదురీది మంచినీటి రుచి పట్టాక దాని పేరు పులస. జూలైలో మొదలయ్యే ఈ రాక సెప్టెంబరు దాటాక పలచబడుతుంది. జాలరులు నావ మీంచి వల పరిచి, ప్రవాహంతో పాటు వదిలేస్తారు. నీళ్లలోంచి తీసిన చేప ఎక్కువసేపు బతకదు. ఇంటికొచ్చాక మట్టిదాకలో, బెండకాయలతో, సన్నసెగ మీద పులుసవుతుంది. తినేది మాత్రం మర్నాడే.

బెంగాలీలు ప్రాణం పెట్టే ఇలిష్ కూడా ఇదే. గంగానది చేపలపై 1822లో వెలువడిన గ్రంథంలో ఫ్రాన్సిస్ హామిల్టన్ దీనికి శాస్త్రీయ నామం పెట్టాడు. ‘ఇలిషా’ అన్న ఆ మాట నేటికీ నిలిచింది.

పులస దారికి అడ్డం పడింది ఆనకట్ట. ధవళేశ్వరం దగ్గర ఆర్థర్ కాటన్ 1847లో మొదలుపెట్టిన పని 1852కి పూర్తయింది. డెల్టా పచ్చబడింది, చేప ప్రయాణం కుదించుకుపోయింది. ఆనకట్టలు వలస చేపలను ఆపేస్తున్నాయని ఫ్రాన్సిస్ డే 1873 నాటి నివేదికలోనే హెచ్చరించాడు. గంగ మీద 1975లో ఫరక్కా బ్యారేజీ వచ్చాక ఎగువన ఇలిష్‌కూ అదే గతి పట్టింది.

అమెరికా పడమటి తీరంలో రాజచేపగా పేరుపడ్డ కింగ్ సాల్మన్‌దీ ఇదే కథ. వసంతం, వేసవి, శరత్తు అంటూ అక్కడ ఒక్కో గుంపుది ఒక్కో రుతువు. తేడా ఒక్కటే: సాల్మన్ గుడ్లు పెట్టి చచ్చిపోతుంది, పులస మళ్లీ కడలికి మళ్లుతుంది. కొలంబియా నదిపై 1938 నాటి బోన్‌విల్ డ్యాముకు చేపలెక్కేందుకు మెట్లు కట్టారు. 1942లో పూర్తయిన గ్రాండ్ కూలీకి కట్టలేదు. దాని ఎగువకు సాల్మన్ రాక ఆగిపోయింది.

మన పెన్న సంగతి చూడండి. సముద్రం నుంచి ఏదైనా చేప సోమశిల దాకా రావాలంటే ముందు నెల్లూరు, తర్వాత సంగం బ్యారేజీలు దాటాలి. ఆపైన 78 టీఎంసీల జలాశయపు గోడే ఎదురవుతుంది. సోమశిల, ఆత్మకూరు వైపు వలలకు చిక్కేవి బొచ్చె, శీలావతి. అవి ఏటికి ఎదురీది వచ్చినవి కావు, జలాశయంలో వదిలిన పిల్లల నుంచి పెరిగినవి.