ప్రైవేట్ డిటెక్టివ్ లైసెన్స్ ఎక్కడ ఇస్తారు? యువత, తల్లిదండ్రులు తెలుసుకోవాల్సిన విషయాలు

టోలిచౌకి: ప్రైవేట్ డిటెక్టివ్ లైసెన్స్‌కు ఎక్కడ అప్లై చేయాలని అడిగే యువకుడికి, రిష్తా ఎంక్వయిరీకి లైసెన్స్ ఉన్న డిటెక్టివ్ కావాలని వెతికే తల్లిదండ్రులకు జవాబు ఒక్కటే. మన దేశంలో ప్రైవేట్ డిటెక్టివ్‌కు ప్రభుత్వం ఇచ్చే లైసెన్స్ అంటూ ఏదీ లేదు. కేంద్రం ఇవ్వదు, తెలంగాణ ప్రభుత్వం ఇవ్వదు, పోలీస్ కమిషనర్ ఆఫీసూ ఇవ్వదు. ‘గవర్నమెంట్ లైసెన్స్‌డ్ డిటెక్టివ్’ అని కార్డు చూపించేవారిని, లైసెన్స్ ఇప్పిస్తామని కోర్సు ఫీజు అడిగేవారిని నమ్మకూడదు.

అలాగని ఈ వృత్తి నేరం కాదు. ఎవరైనా చేసుకోవచ్చు. కానీ లైసెన్స్ లేదంటే ప్రత్యేక అధికారాలు కూడా లేవని అర్థం. మామూలు పౌరుడు ఏం చేయొచ్చో డిటెక్టివ్ కూడా అంతే చేయగలడు. ఈ సంగతి తెలియక పని మొదలుపెట్టినవారు, పని అప్పగించినవారు ఇద్దరూ చిక్కుల్లో పడొచ్చు.

చట్టం ఎందుకు లేదు?

డిటెక్టివ్ ఏజెన్సీలను నియంత్రించడానికి కేంద్రం 2007లో రాజ్యసభలో ఒక బిల్లు పెట్టింది. కేంద్రంలో, రాష్ట్రాల్లో బోర్డులు పెట్టాలని, లైసెన్స్ తప్పనిసరి చేయాలని అందులో ఉంది. బిల్లు పార్లమెంటరీ స్థాయీ సంఘానికి వెళ్లింది. చివరికి చట్టం కాకుండానే ప్రభుత్వం దాన్ని వెనక్కి తీసుకుంది.

చాలామంది పొరబడేది ఇంకోటి ఉంది. 2005లో వచ్చిన ప్రైవేట్ సెక్యూరిటీ ఏజెన్సీల చట్టాన్ని ‘పసారా’ అంటారు. ఆ లైసెన్స్ సెక్యూరిటీ గార్డులను పెట్టే కంపెనీలకు. ఒక జిల్లాకు 5,000 రూపాయలు, ఐదు జిల్లాల వరకు 10,000, రాష్ట్రమంతటికీ 25,000 ఫీజు. కొన్ని ఏజెన్సీలు రెండు పనులూ చేస్తాయి. పసారా కాగితం చూపించి డిటెక్టివ్ లైసెన్స్ అంటే అది నిజం కాదు.

బయటి దేశాల్లో పద్ధతి వేరు. అమెరికాలోని కాలిఫోర్నియాలో లైసెన్స్ కావాలంటే మామూలుగా 6,000 గంటల అనుభవం చూపించి, పరీక్ష పాస్ కావాలి. సింగపూర్‌లోనూ లైసెన్స్ తప్పనిసరి. బ్రిటన్‌లో 2001 చట్టంలో ఆ వీలు ఉన్నా అమలు కాలేదు. అక్కడున్న బంధువుల మాట విని ఇక్కడ కూడా అలాగే ఉంటుందనుకోవద్దు.

ఏజెన్సీ పెట్టాలంటే కావాల్సిన కాగితాలు

ఇక్కడ డిటెక్టివ్ ఏజెన్సీ చట్టం దృష్టిలో ఒక మామూలు వ్యాపారమే.

• సొంత పేరు మీద, భాగస్వామ్యంగా లేదా కంపెనీగా మొదలుపెట్టొచ్చు. పాన్, కరెంట్ అకౌంట్ ఉండాలి.
• షాప్స్ అండ్ ఎస్టాబ్లిష్‌మెంట్స్ చట్టం కింద కార్మిక శాఖ దగ్గర రిజిస్ట్రేషన్, కార్పొరేషన్ నుంచి ట్రేడ్ లైసెన్స్ తీసుకోవాలి. ట్రేడ్ లైసెన్స్ ఆఫీసు నడుపుకోవడానికే తప్ప దర్యాప్తు చేయడానికి కాదు.
• ఉద్యమ్ రిజిస్ట్రేషన్ ఉచితం. దర్యాప్తు సేవలకు ప్రభుత్వ జాబితాలో 80300 అనే కోడ్ ఉంది.
• ఏడాది ఆదాయం 20 లక్షలు దాటితే జీఎస్టీ రిజిస్ట్రేషన్ తప్పనిసరి. ఈ సేవపై పన్ను 18 శాతం.

అసోసియేషన్ ఆఫ్ ప్రైవేట్ డిటెక్టివ్స్ ఆఫ్ ఇండియా లాంటి సంఘాలు ఉన్నాయి. వాటి సభ్యత్వం పరిచయాలకు, పేరుకు ఉపయోగపడుతుంది. అది కూడా లైసెన్స్ కాదు.

ఏం చదవాలి, ఎక్కడ మొదలుపెట్టాలి?

పక్కనే ఫిలింనగర్ ఉన్నా, ఈ పని సినిమాలో చూపించినట్టు ఉండదు. ‘చంటబ్బాయి’ (1986)లో చిరంజీవి, ‘ఏజెంట్ సాయి శ్రీనివాస ఆత్రేయ’ (2019)లో నవీన్ పొలిశెట్టి చేసిన డిటెక్టివ్ పాత్రలు నవ్వించాయి. అసలు పనిలో ఎక్కువ భాగం కాగితాలు చూడటం, ఫోన్లు చేయడం, ఓపికగా కూర్చోవడం, చివర్లో రిపోర్టు రాయడం.

ఇంత డిగ్రీ ఉండాలనే నియమం లేదు. కానీ చట్టం తెలిసినవారికి విలువ ఎక్కువ. డిగ్రీ తర్వాత లాసెట్ రాసి మూడేళ్ల ఎల్‌ఎల్‌బీ చేయొచ్చు. బీకాం చదివినవారికి లెక్కల మోసాలు పట్టుకునే పని బాగా సరిపోతుంది. సర్టిఫైడ్ ఫ్రాడ్ ఎగ్జామినర్ అనే అంతర్జాతీయ పరీక్ష ఉంది. ఇన్సూరెన్స్ సర్వేయర్‌కు మాత్రం ఐఆర్‌డీఏఐ నిజంగానే లైసెన్స్ ఇస్తుంది. లైసెన్స్ ఉన్న ఉద్యోగమే కావాలనుకునేవారు అటువైపు చూడొచ్చు.

మొదటి రెండేళ్లు ఉద్యోగుల వివరాలు సరిచూసే బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్ కంపెనీలోనో, లాయర్ ఆఫీసులోనో పని చేయడం మంచిది. ఈ-కోర్ట్స్‌లో కేసు వెతకడం, రిజిస్ట్రేషన్ శాఖలో ఈసీ తీయడం, కంపెనీల శాఖ వెబ్‌సైట్‌లో డైరెక్టర్ల పేర్లు చూడటం అక్కడ నేర్చుకోవచ్చు. తెలుగు, ఉర్దూ రెండూ వస్తే హైదరాబాద్‌లో అది పెద్ద బలం. అమ్మాయిలకూ అవకాశం ఉంది. పర్దా పాటించే ఇళ్లలో ఆడవాళ్లతో మాట్లాడాలంటే ఆడవాళ్లే వెళ్లాలి.

ఎక్కడ గీత దాటినట్టు?

కాల్ వివరాలు: ఎవరు ఎవరికి ఫోన్ చేశారో తీసిస్తామనే మాట వింటే అక్కడే ఆగిపోవాలి. 2023 టెలికమ్యూనికేషన్స్ చట్టం 42వ సెక్షన్ ప్రకారం దొంగతనంగా ఫోన్లు వినడం, టెలికాం డేటా తీయడం నేరం. మూడేళ్ల వరకు జైలు, 2 కోట్ల వరకు జరిమానా పడొచ్చు. కాల్ వివరాలు అక్రమంగా సంపాదించి అమ్మారనే కేసులో 2018లో ఠాణే పోలీసులు కొందరు ప్రైవేట్ డిటెక్టివ్‌లనే అరెస్టు చేశారు.

ఫోన్‌లో నిఘా యాప్: వేరొకరి ఫోన్‌లో వారికి తెలియకుండా యాప్ వేయడం, వాట్సాప్ తెరవడం ఐటీ చట్టం 66వ సెక్షన్ కింద నేరం. మూడేళ్ల వరకు జైలు, 5 లక్షల వరకు జరిమానా ఉంటుంది.

మహిళలపై నిఘా: ఒక మహిళ ఇంటర్నెట్, ఈమెయిల్ వాడకాన్ని మగవాడు గమనిస్తూ ఉంటే భారతీయ న్యాయ సంహిత 78వ సెక్షన్ వర్తిస్తుంది. నేరాలు పట్టుకునే పని ప్రభుత్వం అప్పగించినవారికి ఇచ్చిన మినహాయింపు ప్రైవేట్ డిటెక్టివ్‌కు ఉండదు.

పోలీసునని చెప్పడం: ప్రభుత్వ ఉద్యోగిగా నటిస్తే 204వ సెక్షన్ కింద ఆరు నెలల నుంచి మూడేళ్ల దాకా జైలు.

రికార్డింగ్ విషయంలో చాలామందికి అయోమయం ఉంది. భార్యకు తెలియకుండా ఆమె ఫోన్ మాటలు భర్త రికార్డు చేయడం తప్పని ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ఒకప్పుడు తీర్పు ఇచ్చింది. భార్యాభర్తలు తమ మధ్య మాటలను రహస్యంగా రికార్డు చేసినా, వారి వైవాహిక కేసులో దాన్ని సాక్ష్యంగా తీసుకోవచ్చని సుప్రీంకోర్టు 2025 జూలై 14న చెప్పింది. ఆ తీర్పు మూడో మనిషి ఫోన్ ట్యాప్ చేయడానికి అనుమతి కాదు. ఆడియో, వీడియో ఏదైనా కోర్టులో పెట్టాలంటే సాక్ష్య అధినియమం 63వ సెక్షన్ ప్రకారం సర్టిఫికెట్ కూడా జత చేయాలి.

రిష్తా ఎంక్వయిరీ: దీన్ ఏం చెబుతుంది?

సూరా అల్ హుజురాత్ 12వ ఆయత్‌లో తజస్సుస్, అంటే ఇతరుల లోపాల కోసం కూపీ లాగడం, గీబత్ రెండూ నిషేధించారు. అదే సూరాలో 6వ ఆయత్ వచ్చిన కబురును నిర్ధారించుకోమంటుంది. ఫాతిమా బింత్ ఖైస్ (రజి) తనను అడిగిన ఇద్దరి గురించి సలహా కోరినప్పుడు ప్రవక్త (స) వారి విషయం దాచకుండా చెప్పిన సంగతి సహీహ్ ముస్లింలో ఉంది. నికాహ్ కోసం నిజం అడగడం, అడిగినవారికి నిజం చెప్పడం వేరు. మనిషి గుట్టు రట్టు చేయడం వేరు. ఉద్యోగం, ముందు పెళ్లి, కేసులు, అప్పులు, ఆరోగ్యం గురించి తెలుసుకోవడం కుటుంబానికి అవసరం. అంతకు మించి తవ్వాల్సిన పని లేదు.

డిటెక్టివ్ దగ్గరికి వెళ్లే ముందు ఇంట్లోవాళ్లే చేయగలిగినవి చాలా ఉన్నాయి. మొహల్లా మసీదులో, పని చేసే చోట అడగొచ్చు. అబ్బాయికి ఇంతకుముందు తలాక్ అయి ఉంటే నాంపల్లి హజ్ హౌస్‌లోని వక్ఫ్ బోర్డు ఖజాత్ విభాగం సర్టిఫికెట్ తెమ్మని అబ్బాయి తరఫువారినే అడగొచ్చు. గల్ఫ్‌లో ఉంటే ఇఖామా, ఉద్యోగ ఒప్పందం చూపించమనడంలో తప్పు లేదు. చూపించడానికి వెనకాడితే అది కూడా ఒక జవాబే. ఎన్నారై పెళ్లిలో మోసపోయిన మహిళలకు తెలంగాణ పోలీస్ మహిళా భద్రతా విభాగంలో ఎన్నారై సెల్ ఉంది.

డిటెక్టివ్‌ను పెట్టుకుంటే అడగాల్సినవి

• ఆఫీసు చిరునామా, రిజిస్ట్రేషన్ కాగితాలు, జీఎస్టీ ఉంటే ఆ నంబరు.
• ఏ పని, ఎన్ని రోజులు, ఎంత ఫీజు అనేది రాతపూర్వక ఒప్పందంలో ఉండాలి. బిల్లు తీసుకోవాలి.
• సమాచారం ఎలా సంపాదిస్తారో ముందే అడగాలి. ‘అది మీకెందుకు’ అంటే లేచి వచ్చేయాలి. అక్రమంగా తెచ్చిన సమాచారం కోసం డబ్బు ఇచ్చినవారి మీదా కేసు పడొచ్చు.
• పని అయ్యాక ఫొటోలు, కాగితాలు ఎవరి దగ్గర ఉంటాయో, ఎప్పుడు చెరిపేస్తారో రాయించుకోవాలి. అవతలి ఇంటి అమ్మాయి ఫొటో ఎవరి ఫోన్‌లోనో మిగిలిపోతే ఆ నష్టం పూడ్చలేం.

ప్రభుత్వం రేపు చట్టం తెచ్చి లైసెన్స్ ఇవ్వడం మొదలుపెట్టినా, చట్టం తెలిసి, శుభ్రమైన రికార్డుతో పని చేసినవారికే అది ముందుగా ఉపయోగపడుతుంది. అప్పటిదాకా లైసెన్స్ పేరుతో ఎవరు డబ్బు అడిగినా ఒక్క రూపాయి ఇవ్వొద్దు.