కార్బను నారయు, కాంక్రీటు స్తంభమును

1995 జనవరి 17వ తేదీ తెల్లవారుజామున జపాను దేశమందలి కోబే నగరమును భూకంపము కుదిపివేసెను. 6,400 మందికి పైగా జనులు మరణించిరి. స్తంభములపై నిలిచిన హాన్‌షిన్ రహదారి 600 మీటర్ల పొడవున ప్రక్కకు ఒరిగి పడిపోయెను. 1981 నాటి కట్టడ నిబంధనలకు పూర్వము కట్టిన భవనములకే నష్టము మిక్కుటమయ్యెను. కోబేకు పొరుగుననున్న ఒసాకాలోనే, ప్రభుత్వ పరిశోధనాలయమున, అకియో షిండో అను శాస్త్రజ్ఞుడు 1959 ప్రాంతమున కృత్రిమమైన యొక నారను కాల్చి కార్బను నారను తయారు చేసియుండెను. మొదట గాలపు కఱ్ఱలకును విమానభాగములకును పనికివచ్చిన యా నార, తుదకు ఆ ప్రాంతపు స్తంభములకే కవచము కావలసివచ్చినది.

స్తంభమేల విఱుగును? కాంక్రీటు నొక్కుడునకు ఓర్చును గాని లాగుడునకు ఓర్వదు. నిలువు చువ్వలను చుట్టి కట్టు రింగులు ఎడమెడముగా నున్నచో, నేల ఊగినపుడు స్తంభము ఏటవాలుగా చీలును; లోని కాంక్రీటు నలిగి వెలికి ఉబుకును; చువ్వలు వంగిపోవును. 1968 తొకాచి-ఓకి భూకంపమున పాఠశాలల పొట్టి స్తంభములిట్లే విఱుగగా, 1971లో జపానువారు రింగులను దగ్గఱగా వేయవలెనని శాసించిరి. ఆ యేడే కాలిఫోర్నియాలోని శాన్ ఫెర్నాండో భూకంపమున వంతెనలు కూలెను. క్రొత్త కట్టడములకు నిబంధన చాలును. నిలిచియున్న పాతవాని గతి యేమి? అచ్చట ఉక్కు రేకుల తొడుగులు వేసిరి. అవి బరువైనవి, తుప్పు పట్టునవి.

1991లో స్విట్జర్లాండునందు లూసర్న్ చెంత ఈబాఖ్ వంతెనలో, రంధ్రము తొలుచుచుండగా బిగువు తీగలు తెగినవి. భూకంపముతో దానికి సంబంధము లేదు. అయినను 175 కిలోల ఉక్కు చేయవలసిన పనిని అంటించిన 6.2 కిలోల కార్బను పట్టీలు చేయుట ఇంజనీర్ల కన్నులు తెఱపించెను. జపానులో 1980ల నుండియే స్తంభములకు నారను చుట్టి పరీక్షించుచుండిరి. కోబే పిదప, 1995లోనే పాత భవనముల పటిష్ఠీకరణకు చట్టము రాగా, ఆ పని విరివిగా సాగెను.

పద్ధతి యిట్టిది. స్తంభపు ఉపరితలమును అరగదీసి, మూలలను గుండ్రముగా చేయుదురు. మూల పదునుగా నున్నచో నార తెగును. పిదప ఎపాక్సీ జిగురు పూసి, మిల్లీమీటరులో కొద్ది భాగము మాత్రమే మందముగల బట్టను పొరలుగా చుట్టుదురు. సోలాపురమున స్థిరపడిన తెలుగు పద్మశాలీలు ఈ బట్టను చూచినచో, ఇది పడుగే గాని పేక లేనిదందురు. నారలన్నియు దాదాపు ఒకే దిశగా సాగును. ఆ దిశ స్తంభమునకు అడ్డముగా, బండిచక్రపు ఇనుపపట్టావలె, చుట్టుకొని యుండవలెను. నిలువుగా అంటించినచో ఈ చీలికను ఆపజాలదు.

దీనికి లోపములును గలవు. నార ఉక్కువలె సాగక ఒక్కుమ్మడిగా తెగును. ఎపాక్సీ మంటకు మెత్తబడును. సోలాపురమువారికి జ్ఞాపకముండు కిల్లారి భూకంపమున, 1993 సెప్టెంబరు 30న, కూలినవి అధికముగా రాతిగోడల ఇండ్లు. స్తంభములే లేని ఆ యిండ్లకు ఈ తొడుగు పనికిరాదు. 2001 జనవరి 26న భుజ్ భూకంపమున, 200 కిలోమీటర్లకు పైబడిన దూరమందున్న అహమ్మదాబాదులో, క్రింది అంతస్తును గోడలు లేక బండ్లకై విడిచిన మేడలు పెక్కులు కూలెను. అట్టి మేడకు స్తంభములను చుట్టుట మాత్రమే చాలదు; పై అంతస్తుల బిగువుకు సరిపోవునట్లు క్రింద కాంక్రీటు గోడలును లేపవలెను.