కోలుకునే రోజుల కూలి

కాకినాడ దగ్గర తీరాన ఉన్న ఉప్పాడకు ఆసుపత్రి ఎప్పుడూ మరీ దూరం కాదు. 1874లో కాకినాడ చేరిన కెనడా బాప్టిస్టు మిషనరీలు 20వ శతాబ్ది తొలి దశకాల్లో పక్కనే ఉన్న పిఠాపురంలో ఆసుపత్రి నడిపారు. డాక్టర్ జెస్సీ ఆలిన్ అక్కడ ఆడవాళ్ల వైద్యం చూశారు. 1958లో రంగరాయ వైద్య కళాశాల వచ్చాక కాకినాడ పెద్దాసుపత్రి బలపడింది. కెరటాలు కాకినాడ వెళ్లే బీచ్ రోడ్డును కోసేసినప్పుడు పిఠాపురం మీదుగా చుట్టు తిరిగి పోవాలి, అంతే. అందుకే ఈ ఊరి వైద్య చరిత్రను భవనాల వరసగా రాస్తే అసలు సంగతి జారిపోతుందంటాను. వైద్యం చేసేవాళ్లు దొరికారు; మంచాన ఉన్న రోజులకు కూలి ఇచ్చేవాళ్లే చాలాకాలం లేరు.

ఊళ్లో రెండు పనులు చూస్తే ఈ మాట తేలుతుంది. జాందానీ చీరకు మగ్గం గుంటలో కాళ్లు దించుకుని ఇద్దరు పక్కపక్కన కూర్చోవాలి. బుటాకు బుటా, పోగు తర్వాత పోగు చేత్తోనే ఎక్కించాలి. చీరను బట్టి వారాలు, నెలలు పడుతుంది. ఇద్దరిలో ఒకరు ఆపరేషన్‌కు వెళితే రెండోవారి చెయ్యీ ఆగుతుంది. 2009లో చీరకైతే భౌగోళిక గుర్తింపు వచ్చింది, నేతగాడి నడుం నొప్పిని ఎవరు గుర్తించారు? సముద్రం మీద లెక్క ఇంకా కరుకు. పడిన చేపకు వాటాలేస్తారు, పడవెక్కనివాడికి వాటా లేదు. హెర్నియా ఆపరేషన్ అయినవాణ్ని కొన్ని వారాలు బరువులెత్తొద్దంటారు డాక్టర్లు. వల లాగడమంటేనే బరువెత్తడం కదా!

2007లో మొదలైన ఆరోగ్యశ్రీ పథకం ఆపరేషన్ ఖర్చు మోసింది. ఆసుపత్రిలో ఆరోగ్యమిత్ర అనే మనిషిని కూర్చోబెట్టి, కాగితాల దగ్గర బెదిరే రోగికి దారి చూపించింది. ఇంటికొచ్చాక కోలుకునే రోజుల మాట మాత్రం 2019 డిసెంబరు 2న గుంటూరులో ఆరోగ్య ఆసరా మొదలయ్యేదాకా పథకంలోకి రాలేదు: విశ్రాంతి కాలానికి రోజుకు 225 రూపాయలు, నెలకు 5,000 మించకుండా. ఊరికే కూర్చోబెట్టి డబ్బులివ్వడమేమిటని కొందరన్నారు. అలా అనేవాళ్లు వేట నిషేధం గుర్తు తెచ్చుకోవాలి. చేపలు గుడ్లు పెట్టేందుకని ఏప్రిల్ 15 నుంచి 61 రోజులు ఇంజన్ పడవలు ఒడ్డునే ఉంటాయి. ఆ రోజులకు 2019లో 10,000, 2025లో 20,000 రూపాయల భృతి ఇచ్చారు. చేపకు విరామం ఇచ్చినందుకు పరిహారం న్యాయమైతే, కుట్లు మానాల్సిన మనిషికి ఎందుకు కాదు? బంధువులు చూసుకోరా అన్నది ఇంకొంచెం బరువైన ప్రశ్న. చూసుకున్నారు, చూసుకుంటున్నారు కూడా. కానీ రోగి పక్కన కూర్చున్న మనిషి కూలీ ఆ రోజు పోయినట్టే. పైగా నేతింటికి మాస్టర్ వీవర్ దగ్గర, వేటింటికి పడవ యజమాని దగ్గర పాత అడ్వాన్సు ఉంటే కొత్త అప్పు దాని మీదే పడుతుంది.

డబ్బొక్కటే చాలదన్న అభ్యంతరాన్ని ఒప్పుకోవాల్సిందే. డిశ్చార్జి కాగితంలో 'విశ్రాంతి' అని ఒక్క ముక్క రాసి పంపితే మగ్గం గుంటలోకి ఎప్పుడు దిగాలో తెలీదు, ఉప్పునీళ్లలో కుట్లు తడవొచ్చో లేదో తెలీదు. మంచం దిగకముందే రోగి తన పనేమిటో డాక్టరుకు విడమరచి చెప్పాలి. ఎన్నాళ్లు కూర్చోకూడదో, ఎంత బరువు ఎత్తకూడదో, మళ్లీ చూపించుకునే తేదీ ఏదో రాయించుకోవాలి. చీము, జ్వరం కనిపిస్తే ఆ తేదీ దాకా ఆగకుండా వెళ్లాలి.