రామా టాకీస్: హాలు పోయింది, స్టాపు మిగిలింది

విశాఖపట్నంలో ఆశీల్‌మెట్ట ప్రాంతానికి వెళ్ళే సిటీ బస్సు ఎక్కితే కండక్టరు "రామా టాకీస్!" అని కేక వేస్తాడు. దిగవలసినవాళ్ళు దిగుతారు. అక్కడ టాకీసు లేదు, దాన్ని పడగొట్టేశారు. ఆ హాల్లో ఒక్క ఆట కూడా చూడని కుర్రవాళ్ళు సైతం చిరునామా చెప్పవలసి వస్తే ఆ పేరే చెబుతారు.

'టాకీస్' అన్న మాటకే ఒక చరిత్ర ఉంది. 1931లో 'ఆలం ఆరా', 1932లో 'భక్త ప్రహ్లాద' వచ్చాక, మాట్లాడే బొమ్మ ఆడే చోటు టాకీసు అయింది. మూకీలు మరుగునపడి దశాబ్దాలు గడిచినా ఆ మాట హాళ్ళ నుదుట నిలిచిపోయింది. విశాఖ రేవు తెరుచుకున్నది 1933లో. సింధియా వారి నౌకానిర్మాణ కేంద్రానికి పునాది పడింది 1941లో. ఉక్కు కర్మాగారానికి శంకుస్థాపన జరిగింది 1971లో. ఈ పనుల కోసం చుట్టుపక్కల పల్లెల నుంచి వచ్చిన జనానికి సాయంకాలపు కాలక్షేపం పేటలోని సినిమా హాలే. నేల, బెంచి, కుర్చీ అని టికెట్టు తేడాలున్నా, దీపాలు ఆరాక అందరూ చూసేది ఒకే తెర.

ఇటువంటి హాళ్ళు ఎందుకు పోయాయంటే టీవీ అనీ, కేబులనీ, మల్టీప్లెక్సులనీ అంటాం. అదీ నిజమే. కానీ నాకు తోచే అసలు కారణం మరొకటి. 1955 నాటి సినిమాల నియంత్రణ చట్టం నీడలో టికెట్టు ధరకు ప్రభుత్వం హద్దు గీస్తూ వచ్చింది. హాలు కింది నేల ధరకు అటువంటి హద్దు లేదు. రోజుకు నాలుగు ఆటలు ఆడించినా, ఊరి నడిబొడ్డున గజం భూమి పలికే ధరతో ఏ సినిమా పోటీ పడగలదు?

అయితే భూమిని అమ్మినంత సులభంగా పేరును అమ్మలేరు. పూర్ణా మార్కెట్టు, జగదాంబ సెంటరు, లీలామహల్ కూడలి అంటూ ఈ ఊరివాళ్ళు సినిమా హాళ్ళతోనే దారులు గుర్తుపెట్టుకున్నారు. ఏ పురపాలక తీర్మానమూ లేకుండా జనం పెట్టుకున్న పేర్లవి. కాగితాల మీదికి ఎక్కని చరిత్రకు నోటి మాటే శాసనం.

ఆ శాసనానికీ ఆయుర్దాయం ఉంది. స్టాపు పేరు మిగిలినా, ఆ హాల్లో మొదటి ఆట చూసినవాళ్ళు మిగలరు. మీ ఇంట్లో పెద్దవాళ్ళను ఒకసారి అడగండి: ఏ హాల్లో, ఏ సినిమా, ఏ తరగతి టికెట్టు? వాళ్ళు చెప్పింది చెప్పినట్టు రాసిపెట్టండి.