లైసియా తీర యాత్రల చరిత్ర

టర్కీ నైరుతి మూలన, ఫెతియే నుంచి అంటాల్యా దాకా సముద్రంలోకి చొచ్చుకొచ్చిన కొండల సీమను ప్రాచీనులు లైసియా అన్నారు. తెలుగు బైబిలు చదివినవారికి ఇది ‘లుకియ’. పౌలు రోముకు వెళుతూ ఓడ మారిన ‘మూర’ రేవు ఇక్కడిదే. టారస్ పర్వతాలు ఈ తీరంలో చాలాచోట్ల నిటారుగా నీళ్లలోకి దిగుతాయి. అందుకే 20వ శతాబ్దం సగం గడిచేదాకా ఇక్కడికి పడవలోనో, కంచరగాడిదల బాటనో రావలసి వచ్చేది. ఈ తీరం చరిత్ర చాలావరకు ఆ దారుల చరిత్రే.

ప్రాచీన నగరాలు 23 కలిసి ఇక్కడ ఒక సమాఖ్యగా ఉండేవని, పెద్ద నగరానికి 3 ఓట్లు, మధ్యస్థానికి 2, చిన్నదానికి 1 ఉండేవని స్ట్రాబో రాశాడు. 18వ శతాబ్దంలో ఫ్రెంచ్ తాత్వికుడు మాంటెస్క్యూ సమాఖ్యలకు ఆదర్శంగా చూపింది దీన్నే. సభలు జరిగిన పతారా రేవు కాలక్రమంలో ఇసుక మేటలతో పూడిపోయింది. ఓడలు రావడం మానేశాక ఊరూ ఖాళీ అయింది.

ఆధునిక కాలంలో ఈ తీరాన్ని మొదట శ్రద్ధగా చూసింది ఒక నావికుడు. గాలి వేగానికి కొలమానం ఏర్పరచిన ఫ్రాన్సిస్ బోఫర్ట్ 1811, 1812లలో బ్రిటిష్ నౌకాదళం తరఫున ఇక్కడ సర్వే చేశాడు. లోతులు కొలవడం అతని పని. కానీ ఒడ్డున కనిపించిన రంగస్థలాలను, రాతి సమాధులను, ఒలింపోస్ దగ్గర కొండరాళ్ల సందుల్లోంచి ఆరకుండా మండే సహజవాయువు మంటలను కూడా నమోదు చేశాడు. 1817లో వెలువడిన అతని ‘కరమేనియా’ చదివాక యూరప్ వారి చూపు ఇటు మళ్లింది.

తర్వాత వచ్చిన చార్లెస్ ఫెలోస్ 1838లో క్సాంథోస్ శిథిలాలను గుర్తించాడు. తరువాతి తవ్వకాల్లో బయటపడ్డ శిల్పాలను బ్రిటిష్ నౌకలు తరలించుకుపోయాయి. క్రీ.పూ. 4వ శతాబ్దపు నెరీడ్ స్మారకం నేటికీ లండన్‌లోని బ్రిటిష్ మ్యూజియంలోనే ఉంది. ఒట్టోమన్ ప్రభుత్వం అనుమతి ఇచ్చిన మాట నిజమే. అయినా క్సాంథోస్‌లో ఆ స్మారకపు ఖాళీ పీఠం ముందు నిలబడినవారికి అనుమతి పత్రం పెద్ద ఊరట కాదు. క్సాంథోస్‌ను, పక్కనున్న లెతూన్ ఆలయ క్షేత్రాన్ని యునెస్కో 1988లో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది.

ఫెతియేకు దగ్గరలోని కయాకోయ్ ఖాళీ అయిన తీరు పతారా కంటే వేరు. లెవిస్సి అనే పేరుతో గ్రీకు క్రైస్తవులు కాపురమున్న ఈ ఊరిని 1923 నాటి గ్రీసు–టర్కీ జనాభా మార్పిడి నిర్మానుష్యం చేసింది. పైకప్పుల్లేని వందలాది రాతి ఇళ్లు కొండవాలున అలాగే మిగిలాయి. నేడు యాత్రికులు వాటి మధ్య నడుస్తారు. ఇది శిథిల నగరం కాదు, బతికున్న మనుషులను కదిలించిన ఊరు అన్న సంగతి తెలిసి నడవడం మేలు.

ఈ తీరాన్ని టర్కీ ప్రజలకే కొత్తగా చూపినవాడు ఒక ప్రవాస శిక్ష పడిన రచయిత. ఒక కథ రాసినందుకు జెవాత్ షాకిర్‌ను 1925లో వాయవ్యాన ఉన్న బోద్రుమ్‌కు పంపారు. శిక్ష ముగిశాక అతను ఆ ఊరినే సొంతం చేసుకున్నాడు. ఆ ఊరి ప్రాచీన నామంతో ‘హాలికర్నాసస్ జాలరి’ అని కలం పేరు పెట్టుకున్నాడు. స్పాంజి ఏరే పడవల్లో మిత్రులను వెంటబెట్టుకొని తీరం వెంట తిరిగేవాడు. వారిలో అనువాదకుడు సబాహత్తిన్ ఎయుబోలు, హోమర్‌ను టర్కిష్‌లోకి తెచ్చినవారిలో ఒకరైన అజ్రా ఎర్హాత్ ఉన్నారు. ఈ ప్రయాణాలకు ‘నీలి యాత్ర’ అనే పేరు స్థిరపడింది. అదే పేరుతో ఎర్హాత్ పుస్తకం 1962లో వచ్చింది. ఈ నేల గతమంతా గ్రీకుదో, టర్కులదో అని విడదీయకుండా తమదిగా చూడాలన్నది వారి పట్టుదల. నేడు గులెట్ అనే చెక్క పడవల్లో సాగే విహారాలన్నీ ఆ పేరునే వాడుకుంటున్నాయి. ఆ చదువుల వాసన మాత్రం పలచబడింది.

స్పాంజి గజ ఈతగాళ్లకు సముద్రగర్భ పురావస్తుశాస్త్రం కూడా రుణపడింది. 1960లో గెలిదోన్యా అగ్రం దగ్గర జార్జ్ బాస్ కంచుయుగపు ఓడ శిథిలాన్ని తవ్వాడు. 1982లో కాష్ దగ్గర ఉలుబురున్ వద్ద ఒక స్పాంజి ఈతగాడు చూసిన లోహపు దిమ్మెలు ఇంకా పెద్ద నిధికి దారి చూపాయి. క్రీ.పూ. 14వ శతాబ్దాంతపు ఆ ఓడలో సుమారు 10 టన్నుల రాగి, దానితోపాటు తగరం, గాజు, నల్లచేవ కలప దొరికాయి. 1984 నుంచి 1994 దాకా సాగిన తవ్వకాల సంపద బోద్రుమ్ కోటలోని మ్యూజియంలో ఉంది.

విమానాశ్రయాలు, తీర రహదారులు, 1982 నాటి పర్యాటక ప్రోత్సాహక చట్టం కలిసి హోటళ్లను తెచ్చాయి. తీరానికి పశ్చిమాన, లైసియా సరిహద్దుకు ఆవల, దల్యాన్ దగ్గరి ఇజ్తుజు ఇసుకతిన్నెపై హోటల్ తలపెట్టగా, లాగర్‌హెడ్ తాబేళ్లు గుడ్లు పెట్టే చోటని దేశవిదేశాల నుంచి నిరసన వచ్చింది. నిర్మాణం ఆగింది, 1988లో ఆ ప్రాంతానికి ప్రత్యేక రక్షణ లభించింది. మన తీరానికి వచ్చే ఆలివ్ రిడ్లే తాబేలుకు ఈ లాగర్‌హెడ్ దగ్గరి చుట్టం. పతారాలోనూ కిలోమీటర్ల పొడవునా పరుచుకున్న ఇసుక ఖాళీగా మిగలడానికి తాబేళ్లు, శిథిలాలు రెండూ కారణమే. గుడ్ల కాలంలో రాత్రిళ్లు అక్కడ ఎవరినీ ఉండనివ్వరు.

1999లో కేట్ క్లో అనే బ్రిటిష్ మహిళ పాత రోమన్ బాటలను, సంచార పశుపాలకుల దారులను గుర్తులతో కలిపి, 500 కిలోమీటర్లకు పైబడిన ‘లైసియా మార్గం’గా తీర్చింది. టర్కీలో గుర్తులు వేసిన తొలి దూర నడకదారి ఇది. కెకోవా దగ్గర, భూకంపాలతో సగం నీట మునిగిన గోడలకు ఎదురుగా ఉన్న కలెకోయ్ గ్రామానికి నేటికీ బండి బాట లేదు. పడవ ఎక్కాలి, లేదా నడవాలి.